ముఖమంతా జిడ్డే... దాని మీద ఇంకో క్రీమా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ, మృగశిర దాటి ఉక్కపోత మొదలవగానే మాకొచ్చిన ఉత్తరాల్లో సగం జిడ్డు గురించే. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేసి, చర్మవ్యాధుల నిపుణుల జవాబులతో ఇస్తున్నాం. కంపెనీల పేర్లు కావాలనే వదిలేశాం. ట్యూబు వెనక ఏం చూడాలో తెలిస్తే ముందు ఉన్న పేరుతో పెద్దగా పనిలేదు.

ప్రశ్న: ఉదయం ముఖం కడుక్కుని ఆఫీసుకెళ్తే పదకొండింటికల్లా నుదురు, ముక్కు నూనెలో ముంచి తీసినట్టు అవుతాయి. బుగ్గలు మాత్రం బిగదీసినట్టు ఉంటాయి. రోజంతా ఏసీలోనే కూర్చుంటాను. రెండుసార్లు మాయిశ్చరైజర్ కొని వాడాను. మర్నాడే మొటిమలు లేచాయి. నాలాంటి చర్మానికి అసలది అవసరమా?
– ఐటీ ఉద్యోగిని (26), మాదాపూర్

జవాబు: అవసరమే. కాకపోతే మీరు కొన్నది మీకు తగినది కాకపోయి ఉండొచ్చు.

జిడ్డు వేరు, తేమ వేరు. జిడ్డు అంటే చర్మం లోపలి నూనె గ్రంథులు వదిలే సీబమ్. తేమ అంటే చర్మం పైపొరలో నిలిచే నీరు. పైన నూనె తేలుతూనే పైపొరలో నీరు తగ్గిపోవచ్చు. మీ బుగ్గలు బిగుసుకుపోవడం అదే. ఘాటైన ఫేస్‌వాష్ పైపొరలోని కొవ్వుల్ని కడిగేస్తుంది, ఏసీ గాలి మిగిలిన నీటిని లాగేస్తుంది.

ఇక్కడ ఒక ప్రచారం గురించి చెప్పాలి. ‘చర్మం ఎండిపోతే గ్రంథులు కంగారుపడి ఇంకా ఎక్కువ నూనె చేస్తాయి’ అని చాలామంది చెబుతారు. నూనె గ్రంథుల్ని నడిపేవి ప్రధానంగా ఆండ్రోజన్ హార్మోన్లు. పైన ఎండిందా తడిసిందా అని అవి తూచి చూసుకోవు. కాబట్టి మాయిశ్చరైజర్ రాస్తే జిడ్డు తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి. అది చేసే పని వేరు: పైపొర దెబ్బతినకుండా చూస్తుంది, మొటిమల మందుల మంటను చర్మం తట్టుకునేలా చేస్తుంది.

ఇప్పుడు ఎంపిక. మాయిశ్చరైజర్‌లో మూడు రకాల సరుకు ఉంటుంది. నీటిని పట్టి ఉంచేవి ఒకటి: గ్లిజరిన్, హయలురానిక్ ఆసిడ్, పాంథెనాల్. చర్మాన్ని నునుపు చేసేవి రెండోది: స్క్వాలేన్, డైమెథికోన్ లాంటివి. మూడోది పైన మూతలా కూర్చునేవి: పెట్రోలియం జెల్లీ, మైనాలు, బటర్లు. మీకు మొదటి రకం ఎక్కువ, రెండోది కొంచెం, మూడోది దాదాపు లేనిది కావాలి. అంటే జెల్ గానీ, నీళ్లలా జారే లోషన్ గానీ. డబ్బాలో గరిట నిలబడేంత చిక్కటి క్రీములు మీకొద్దు.

వెనకవైపు పదార్థాల పట్టీ చదవండి. ఎక్కువ మోతాదులో ఉన్నది ముందు వస్తుంది. మొదట నీరు, మొదటి ఐదారింటిలో గ్లిజరిన్ కనిపిస్తే మంచి గుర్తు. నియాసినమైడ్, సెరమైడ్లు ఉంటే ఇంకా మంచిది. కొబ్బరి నూనె, కోకో బటర్, ఐసోప్రోపైల్ మిరిస్టేట్, ఐసోప్రోపైల్ పాల్మిటేట్ పట్టీ పైభాగంలో ఉంటే అక్కడే షాపులో పెట్టేయండి. ‘ఆల్కహాల్’ అన్న మాట చూసి మాత్రం బెదరకండి. సీటైల్ ఆల్కహాల్, స్టియరైల్ ఆల్కహాల్ అనేవి మెత్తటి కొవ్వు పదార్థాలు, చర్మాన్ని ఎండబెట్టవు. ఎండబెట్టేది ‘ఆల్కహాల్ డీనాట్’. అది రెండో మూడో స్థానంలో ఉంటే ఆ జెల్ రాసినప్పుడు చల్లగా హాయిగానే ఉంటుంది. సాయంత్రానికి చర్మం లాగుతుంది.

‘నాన్ కామెడోజెనిక్’, అంటే చర్మరంధ్రాల్ని మూసేయదు అన్న ముద్ర? ఉంటే మంచిదే, కానీ దాన్నే నమ్ముకోలేం. ఆ మాట అచ్చు వేయడానికి ఫలానా పరీక్ష పాసవ్వాలన్న నియమం లేదు. పదార్థాలకు సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వేసే పాత పట్టికలు ఎక్కువగా కుందేలు చెవి మీద చేసిన పరీక్షల నుంచి వచ్చినవి. కుందేలు చెవికి పడనిదల్లా మన బుగ్గకు పడదని లేదు.

మర్నాడే మొటిమ లేచిందన్నారు. రంధ్రం మూసుకుపోయి మొటిమగా మారడానికి వారాలు పడుతుంది. రాత్రికి రాత్రి లేచిందంటే అది అప్పటికే లోపల తయారవుతున్నదై ఉండాలి, లేదా ఆ క్రీములోని సువాసన లాంటిదేదో మీకు పడక దురద, ఎర్రదనం వచ్చి ఉండాలి. అందుకే కొత్తది కొన్నప్పుడు మొదటి వారం చెవి కింద, దవడ పక్కన రెండు వేళ్ల మేర మాత్రమే రాత్రిపూట రాయండి. మంట, దురద లేకపోతే ముఖమంతా మొదలుపెట్టండి. సన్నటి గుల్లలు వస్తున్నాయో లేదో తేల్చుకోవడానికి నాలుగు వారాలు చూడాలి. ఈ నాలుగు వారాల్లో ఇంకే కొత్త సరుకూ ముఖం మీదకు రాకూడదు. వచ్చిందా, ఏది చేసిన పనో ఇక తెలియదు.

మోతాదు: చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము. ముఖానికి అంతే. కడుక్కున్నాక తువ్వాలుతో రుద్దకుండా అద్ది, కాస్త తడి ఉండగానే రాయండి. రోజుకు రెండుసార్లు ఈ లెక్కన వాడితే 50 గ్రాముల ట్యూబు ఏడు వారాలొస్తుంది. మూడు వారాలకే అయిపోతోందంటే మీరు పూత వేస్తున్నారు.

మన ఊరి ఎండాకాలంలో పగటిపూట జెల్ సన్‌స్క్రీన్ ఒక్కటే మాయిశ్చరైజర్ పని కూడా చేసేస్తుంది, రాత్రికి మాత్రం విడిగా రాయండి. డిసెంబరు, జనవరి చలిలో జెల్ చాలకపోతే లోషన్‌కు మారండి. పదకొండింటి జిడ్డుకు మళ్లీ సబ్బు పెట్టకండి. టిష్యూ పేపరుతో అద్దితే చాలు.

ప్రశ్న: కొత్త అపార్ట్‌మెంట్‌కు మారి ఆరు నెలలైంది. బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్. అప్పటి నుంచి ముఖం గరుకుగా ఉంటోంది, గడ్డం చుట్టూ మొటిమలు. నీళ్ల వల్లేనా?
– గృహిణి, నిజాంపేట

జవాబు: నీళ్లు మొటిమల్ని పుట్టించవు గానీ మీ చర్మాన్ని విసిగించగలవు. బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వీటితో కలిస్తే కరగని తెల్లటి తెట్టు అవుతుంది. బకెట్ అంచుకు పట్టే పొర, గీజర్ రాడ్ మీద పేరుకునే పెచ్చులు చూసే ఉంటారు. ఆ తెట్టులో కొంత ముఖం మీద కూడా నిలుస్తుంది. పైగా మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది. చర్మానిది 5 చుట్టుపక్కల. ఈ రెండూ కలిసి పైపొరను గరుకు చేస్తాయి.

చిన్న పరీక్ష: అర సీసా బోరు నీళ్లలో సబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగా ఊపండి. నురగ రాకుండా విరిగిన పాలలా పలుకులు తేలితే నీరు కఠినమైనదే. వాటర్ ప్యూరిఫయర్ వాళ్లు చూపించే టీడీఎస్ అంకె దీనికి సరిపోదు. అందులో అన్ని లవణాలూ కలిసి ఉంటాయి.

ఇల్లు మారనక్కర్లేదు. సబ్బు మానేసి ‘సోప్ ఫ్రీ’ లేదా ‘సిండెట్’ అని రాసి ఉన్న క్లెన్సర్ వాడండి. అది కఠినమైన నీటితో తెట్టు కట్టదు. చివరగా ఒక మగ్గు ఆర్‌వో నీళ్లతో ముఖం కడిగేయండి, ప్యూరిఫయర్ పక్క పైపు నుంచి పారబోసే వృథా నీళ్లతో కాదు సుమా, అందులో లవణాలు ఇంకా ఎక్కువ. ఉదయం, రాత్రి రెండుసార్లు, గోరువెచ్చగా లేదా చల్లగా. చెమట పట్టి వచ్చినప్పుడు ఉత్త నీళ్లు చాలు.

గడ్డం, దవడ దగ్గరే మొటిమలు వస్తూ నెలసరి కూడా తప్పుతోందంటే, పై పెదవి మీద గడ్డం కింద వెంట్రుకలు దట్టమవుతున్నాయంటే మాత్రం నీళ్లను తప్పుపట్టి ప్రయోజనం లేదు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) ఉందేమో గైనకాలజిస్టుకు చూపించండి.

ప్రశ్న: డాక్టర్ గారు అడాపలీన్ జెల్ రాశారు. మొటిమలు త్వరగా పోవాలని రోజూ బాగా పట్టించాను. వారానికే ముఖం మండి, పొట్టు రాలింది. మానేశాను. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాలా?
– పోటీ పరీక్షల విద్యార్థిని (21), దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మందు మంచిదే, మీరే తొందరపడ్డారు. ఈ ఉత్తరం లాంటివి ఇంకో తొమ్మిది వచ్చాయి, అందుకే వివరంగా చెబుతున్నాం.

అడాపలీన్ రెటినాయిడ్ కుటుంబానికి, అంటే విటమిన్ ఎ తరహా మందుల కుటుంబానికి చెందింది. రంధ్రం గోడల్లో మృతకణాలు అతుక్కుపోకుండా చేస్తుంది. అంటే వచ్చిన మొటిమను మాడ్చేది కాదు, రాబోయేదాన్ని ఆపేది. కాబట్టి మొటిమ మీద బొట్టులా పెడితే లాభం లేదు. మొటిమలొచ్చే చోటంతా పల్చగా రాయాలి. ఎక్కువ రాస్తే పని త్వరగా అవదు, పొట్టు మాత్రం త్వరగా రాలుతుంది.

ముందు పది రోజులు ఏ మందూ వద్దు. సున్నితమైన క్లెన్సర్, మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, అంతే. చర్మం మామూలయ్యాక మీ డాక్టరుకు చెప్పి ఇలా మొదలుపెట్టండి. రాత్రి ముఖం కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి, పావుగంట పడుతుంది. తడి చర్మం మీద మందు లోపలికి ఎక్కువగా దిగి మండిస్తుంది. మొదట మాయిశ్చరైజర్ పల్చగా రాయండి. ఐదు నిమిషాలాగి, ముఖం మొత్తానికి కలిపి బఠాణీ గింజంత జెల్ తీసుకోండి. నుదురు, రెండు బుగ్గలు, గడ్డం మీద నాలుగు చుక్కలు పెట్టి కలిపేయండి. కళ్ల చుట్టూ, ముక్కు పుటాల పక్క మడతల్లో, పెదవుల మూలల్లో రాయకూడదు. మీ ముఖం మండడం అక్కడే మొదలై ఉంటుంది. బాగా సున్నితమైన చర్మమైతే ఆ జెల్ మీద ఇంకోసారి మాయిశ్చరైజర్ రాయొచ్చు.

మొదటి రెండు వారాలు మూడు రోజులకోసారి, తర్వాతి రెండు వారాలు రోజు విడిచి రోజు, ఆపైన తట్టుకుంటేనే రోజూ. ఏ రోజైనా ముఖం మీద నీళ్లు పడితేనే మండుతోందంటే ఆ రాత్రి మందు మానేసి మాయిశ్చరైజర్‌తో సరిపెట్టుకోండి. రెండు రాత్రులు మానితే మందు పాడవదు.

మూడో వారంలో మొటిమలు కాస్త పెరిగినట్టు అనిపిస్తుంది. లోపల ఉన్నవి పైకి వస్తాయి. చాలామంది వదిలేసేది సరిగ్గా ఇక్కడే. ఫలితం కనబడటానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. పరీక్ష తేదీ ముందు పెట్టుకుని మొదలుపెట్టే మందు కాదిది.

దీనితో పాటు బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా రాసి ఉంటే 2.5 శాతం అడగండి. 5, 10 శాతాల కన్నా పెద్దగా తీసిపోదు, మంట మాత్రం బాగా తక్కువ. దానికి తువ్వాళ్లు, దిండు గలీబులు, చున్నీలు రంగు వెలిసిపోతాయి. తెల్లవి వాడండి, హాస్టల్లో పక్కవాళ్ల దుప్పటి జాగ్రత్త. క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే నెలల తరబడి రాసుకుంటూ పోవద్దు. బ్యాక్టీరియా దానికి అలవాటు పడిపోతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ తోడుంటే ఆ బెడద తగ్గుతుంది. రెటినాయిడ్ వాడే రోజుల్లో ముఖానికి వాక్సింగ్ కూడా వద్దు, చర్మం ఊడొస్తుంది.

ప్రశ్న: ముల్తానీ మట్టి, శనగపిండి, నిమ్మరసం, మొటిమ మీద టూత్‌పేస్ట్. వీటిలో ఏవి పనిచేస్తాయి?
– పలువురు పాఠకులు

జవాబు: ముల్తానీ మట్టి జిడ్డు పీలుస్తుంది, కొన్ని గంటలు హాయిగా ఉంటుంది. వారానికోసారి, ఆరి బీటలు తీయకముందే, అంటే ఏడెనిమిది నిమిషాల్లో కడిగేస్తే నష్టం లేదు. మొటిమలు దానివల్ల తగ్గవు. శనగపిండితో నలుగు పెట్టడం మన అమ్మమ్మల నాటిది, ఒంటికి బాగానే ఉంటుంది. చీము పట్టిన మొటిమల మీద రుద్దితే మాత్రం అవి పగిలి మచ్చలవుతాయి. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, దాన్ని రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి నల్లబడొచ్చు. టూత్‌పేస్ట్ పళ్లకు.

పెరట్లో కలబంద కోసి రాసేవాళ్లు ఒకటి గమనించండి: కోసిన చోట కారే పసుపు రసం దురద పుట్టిస్తుంది. మట్టను నిలువుగా పావుగంట ఆనించి ఆ రసం కారిపోనిచ్చి, కడిగి, లోపలి గుజ్జు మాత్రమే తీయాలి. మిగిలింది ఫ్రిజ్‌లో దాచి వారమంతా వాడకండి, పాడవుతుంది.

ప్రశ్న: ముఖం తెల్లబడి మొటిమలు పోతాయని మెడికల్ షాపులో ఒక క్రీమ్ ఇచ్చారు. పది రోజుల్లో నిజంగానే అద్దంలా అయింది. మూడు నెలలు వాడాను. ఇప్పుడు ఒక్కరోజు మానినా ముఖం ఎర్రబడి మండుతోంది, ఎండలోకి వెళ్లలేకపోతున్నాను. సన్నగా ఎర్రటి నరాలు కనిపిస్తున్నాయి. మళ్లీ రాస్తే తగ్గుతోంది.
– ప్రైవేటు స్కూల్ టీచర్ (29), సంతోష్‌నగర్

జవాబు: అమ్మా, మీరు రాసిన లక్షణాలను బట్టి ఆ క్రీములో స్టెరాయిడ్ ఉండి ఉండాలి. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్ అన్న పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి. దానికి హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ కూడా కలిపి ఉండొచ్చు. ఆ మూడు కలిసిన మందును మంగు మచ్చలకు డాక్టర్లు కొద్ది వారాలకు మాత్రమే, పర్యవేక్షణతో రాస్తారు. మొటిమలకు కాదు, రోజువారీ క్రీముగా అసలే కాదు.

మొదటి పది రోజుల మెరుపు ఎందుకొచ్చిందంటే స్టెరాయిడ్ వాపును, ఎర్రదనాన్ని అణిచేస్తుంది, రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పల్చబడి కింది నరాలు బయటపడతాయి. ఒకే సైజులో ఎర్రటి మొటిమలు గుంపులుగా లేస్తాయి. మానగానే అణిగి ఉన్నదంతా ఒక్కసారి తిరగబడుతుంది. ఆ మంట చూసి మళ్లీ రాస్తారు, తగ్గుతుంది. మీరిప్పుడు ఈ చక్రంలోనే ఉన్నారు. మన దేశంలో ఇది ఎంత మామూలైపోయిందంటే డాక్టర్లు దీనికి ‘టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్’ అని విడిగా పేరే పెట్టారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా కౌంటర్ మీద అడిగితే ఇచ్చేస్తూనే ఉన్నారు.

ఏం చేయాలి? ఆ ట్యూబు పారేయకుండా పట్టుకుని ఈ వారంలోనే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది, ఖర్చుకు వెనకాడక్కర్లేదు. ఎంత ఘాటైన స్టెరాయిడో చూసి ఒక్కసారిగా ఆపాలా, తక్కువ ఘాటుదానికి మార్చి మెల్లగా తప్పించాలా వాళ్లు చెబుతారు. ఈలోపు సువాసన లేని మాయిశ్చరైజర్ రోజుకు మూడు నాలుగుసార్లు రాయండి. మీది జిడ్డు చర్మమే అయినా ఇప్పుడు జెల్ మండొచ్చు, సెరమైడ్లున్న లోషన్ తీసుకోండి. సన్‌స్క్రీన్‌లో జింక్ ఆక్సైడ్ ఉన్నది చూడండి. మంట ఎక్కువైతే చల్లటి నీళ్లలో తడిపిన మెత్తటి నూలు గుడ్డ పది నిమిషాలు ముఖం మీద వేసుకోండి. ఫేషియల్, బ్లీచ్, స్క్రబ్ ఏవీ వద్దు. తేరుకోవడానికి నెలలు పడుతుంది. మొదటి కొన్ని వారాలు ముఖం ఇప్పటికన్నా అధ్వానంగా కనిపిస్తుంది. ముందే చెబుతున్నాం, అప్పుడు భయపడి మళ్లీ ఆ ట్యూబు జోలికి పోకండి.

ప్రశ్న: మా బాబుకి పదిహేనేళ్లు. నుదుటి మీద ఆవగింజల్లా చిన్న చిన్న గుల్లలు. రోజూ తలకు కొబ్బరి నూనె పెట్టి స్కూలుకు పంపుతాను. మొటిమల క్రీము రాస్తే తగ్గలేదు, దురద అంటాడు.
– ఓ తల్లి, మల్కాజిగిరి

జవాబు: ముందు నూనె ఆపి చూడండి. తల నూనె చెమటతో నుదుటి మీదికి జారి రంధ్రాల్ని మూసేస్తుంది. జుట్టు అంచు వెంబడే గుల్లలు వరస కట్టాయంటే కారణం దాదాపు అదే. నూనె పెట్టాలనుకుంటే ఆదివారం తలంటుకు గంట ముందు పెట్టి కడిగేయండి. రాత్రంతా ఉంచితే దిండు గలీబు ద్వారా బుగ్గలకూ అంటుతుంది.

దురద అన్నారు కాబట్టి ఇంకో అనుమానం. మొటిమలు సాధారణంగా రకరకాల సైజుల్లో ఉంటాయి, దురద తక్కువ. అన్నీ ఒకే సైజులో ఉండి దురద పెడుతుంటే, ఛాతీ, వీపు మీద కూడా ఉంటే, అవి మలసీజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) వల్ల వచ్చే ఫాలిక్యులైటిస్, అంటే వెంట్రుక కుదుళ్ల వాపు కావొచ్చు. ఆ ఈస్ట్ చర్మం మీది కొవ్వుల్నే తిని బతుకుతుంది. యాంటీబయాటిక్ ఇస్తే తగ్గకపోగా పెరుగుతుంది. దీనికి ఫంగస్ మందు కావాలి, డాక్టరు చూసి తేల్చాలి. పిల్లాడికి చుండ్రు కూడా ఉంటే అది చెప్పడం మర్చిపోకండి.

ప్రశ్న: బిర్యానీ, మిర్చి బజ్జీ మానేస్తే మొటిమలు తగ్గుతాయా?
– డిగ్రీ విద్యార్థి, నారాయణగూడ

జవాబు: బజ్జీలో నూనె చర్మం దాకా రాదు. సంబంధం ఉందని కాస్త గట్టిగా తేలింది రక్తంలో చక్కెరను గభాల్న పెంచే తిండికి: కూల్ డ్రింకులు, మైదా, స్వీట్లు. కొందరికి పాలు, అంతకన్నా జిమ్‌లో తాగే వే ప్రొటీన్. ఇరానీ చాయ్ రోజుకు ఐదు, ఉస్మానియా బిస్కెట్లు పది అయితే అవి తగ్గించి చూడండి. ఆదివారం బిర్యానీ తినండి.

ప్రశ్న: బైక్ మీద డెలివరీ పని. రోజుకు పది గంటలు హెల్మెట్. గడ్డం కింద, నుదుటి మీద మాత్రమే మొటిమలు.
– యూసఫ్‌గూడ

జవాబు: హెల్మెట్ పట్టీ రాపిడి, వేడి, చెమట మూడూ కలిసి చేసే పని ఇది. హెల్మెట్ మాత్రం మానకండి. లోపలి స్పాంజి ఊడొచ్చే రకమైతే వారానికోసారి షాంపూ నీళ్లలో ఉతికి నీడలో పూర్తిగా ఆరబెట్టండి. ఊడిరాకపోతే పల్చటి నూలు టోపీ ఒకటి లోపల పెట్టుకోండి, అలాంటివి మూడు కొని రోజూ ఉతికింది మార్చండి. పట్టీకి మెత్తటి గుడ్డ చుట్టండి. గంటకోసారి హెల్మెట్ తీసి చెమట అద్దుకోండి, తుడిచి రుద్దొద్దు. ఇంటికి రాగానే 2 శాతం సాలిసిలిక్ ఆసిడ్ ఫేస్‌వాష్ రాసి, ఒక నిమిషం ఉంచి కడగండి. ఆ ఆసిడ్ నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రంలోకి దిగగలదు, రాసిన వెంటనే కడిగేస్తే ఆ అవకాశం ఉండదు. తర్వాత జెల్ మాయిశ్చరైజర్. గడ్డం గీసుకునేటప్పుడు వెంట్రుకలు పెరిగే దిశలోనే గీయండి, ఎదురు గీస్తే గుల్లలు ఇంకా లేస్తాయి.

ప్రశ్న: నాలుగో నెల. ముఖం నిండా మొటిమలు. ఏ మందు వాడొచ్చు?
– ఉప్పల్

జవాబు: అడాపలీన్, ట్రెటినోయిన్ జెల్స్ ఇంట్లో ఉంటే పక్కన పెట్టేయండి. డాక్సీసైక్లిన్ మాత్రలు వద్దు. ఐసోట్రెటినోయిన్ మాత్ర గర్భంలో బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది, ఎవరి దగ్గర మిగిలినా తీసుకోకూడదు. అది వాడుతున్నవాళ్లు ఆపాక కనీసం నెల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. మీ గైనకాలజిస్టును అడిగి అజెలాయిక్ ఆసిడ్ వాడొచ్చు, 10 నుంచి 20 శాతం దాకా దొరుకుతుంది. మొదట్లో కాసేపు చురుక్కుమంటుంది. మాయిశ్చరైజర్ మామూలుగానే వాడండి.

ప్రశ్న: మొటిమలు తగ్గాయి, నల్ల మచ్చలు మిగిలాయి. ఏం రాస్తే పోతాయి?
– ఇద్దరు పాఠకులు, సికింద్రాబాద్

జవాబు: వేలితో తడిమి చూడండి. నున్నగా ఉండి రంగు మాత్రమే మారితే అది మరక. మన చామనఛాయ చర్మానికి ఇది ఎక్కువే, కొన్ని నెలల్లో దానంతటదే పల్చబడుతుంది. ఎండ తగిలితే ఆ నెలలు సాగుతాయి. కాబట్టి ఎస్‌పీఎఫ్ 30 లేదా ఎక్కువున్న జెల్ సన్‌స్క్రీన్, రెండు వేళ్ల పొడవున పిండినంత, బయటికెళ్లే పావుగంట ముందు రాయండి. బయటే ఉంటే రెండు మూడు గంటలకు మళ్లీ. మాయిశ్చరైజర్ మీద వెంటనే రాస్తే రబ్బరు తురుములా రాలుతుందని చాలామంది రాశారు. రెండింట్లోనూ ఉన్న సిలికోన్, జెల్ పదార్థాలు ఆరకముందే కలిసి రాసుకోవడం వల్ల అది. ఐదు నిమిషాలాగి, రుద్దకుండా తట్టినట్టు రాయండి. నియాసినమైడ్ 4, 5 శాతం, అజెలాయిక్ ఆసిడ్ మరకల్ని తగ్గించడంలో సాయపడతాయి. నియాసినమైడ్ 10 శాతం అని గొప్పగా రాసినవి కొందరికి చురుక్కుమంటాయి, అంత అవసరం లేదు.

తడిమితే గుంట తగిలితే మాత్రం ఏ క్రీమూ పూడ్చలేదు. దానికి డాక్టరు చేసే చికిత్సలే. అవి కూడా కొత్త మొటిమలు రావడం ఆగాకే.

ప్రశ్న: రూ. 250 మాయిశ్చరైజర్‌కూ రూ. 1,500 దానికీ తేడా ఉంటుందా?
– అమీర్‌పేట

జవాబు: జిడ్డు చర్మానికి కావలసిన గ్లిజరిన్, డైమెథికోన్ రెండూ చౌకైనవే. ఎక్కువ ధరలో సీసా, సువాసన, ప్రకటన కలిసి ఉంటాయి. జెల్ స్పర్శ మెరుగ్గా ఉండొచ్చు, అది మీ ఇష్టం. గ్రాముకు లేదా మిల్లీలీటరుకు ఎంత పడుతుందో ప్యాక్ మీద అచ్చు వేస్తారు, పోల్చేటప్పుడు అది చూడండి. వేళ్లు పెట్టి తీసే డబ్బా కన్నా పిండుకునే ట్యూబు మేలు. మూత తెరిచిన బొమ్మలో ‘12 ఎం’ అని ఉంటే తెరిచాక పన్నెండు నెలలని అర్థం. తెరిచిన తేదీని పెన్నుతో ట్యూబు మీదే రాసిపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసి నూనె, నీరు విడిపోయిన ట్యూబుకు ఆ తేదీ కూడా వర్తించదు, పారేయండి.